మీ ఆదివారం ట్రావెల్ పేజీలో మా బస్సు టికెట్టుకి కూడా కాస్త చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారమండి,

పోయిన ఆదివారం మీ పేపర్లో ట్రావెల్ పేజీ చూశాను. ఐదు రాత్రులు ఆరు పగళ్ళు, నాలుగు ఊళ్ళు, మనిషికి లక్షా పాతిక వేలు, ఇండియన్ భోజనం గ్యారంటీ అని ఉంది. మా దుకాణంలో హుక్కులు కుట్టే పిల్ల దాన్ని గట్టిగా చదివి, పేపరు మడిచి పక్కన పెట్టేసి, "అక్కా, మనలాటోళ్ళకి ఫారినంటే పేపర్లో సూడ్డమే కదా" అంది. రెండ్రోజులు ఆ మాటే నా చెవిలో ఉండిపోయింది, మాలాటోళ్ళ చవక ప్రయాణాలకి ఓ పావు పేజీ అడుగుదామని ఈ ఉత్తరం. పొడుగైంది, ఎక్కడ కత్తిరించాలో మీకు తెలుసు గానీ కింద చెప్పిన జౌగడ రాయి సంగతి మాత్రం తీసెయ్యకండి.

నాది పర్లాకిమిడి, ఒడిశా గజపతి జిల్లా. బ్లౌజులు, లంగాలు, పిల్లల ఫ్రాకులు కుడతాను. మా దుకాణం బోర్డు ఒడియాలో ఉంటుంది, బేరం తెలుగులో నడుస్తుంది, మీ పేపరు పొద్దున్నే పాతపట్నం వైపు నుంచి వస్తుంది. నేను వీగన్‌ని, అంటే మాంసం చేపలు గుడ్లతో పాటు పాలు పెరుగు నెయ్యి తేనె కూడా మానేసినదాన్ని. 2024లో రెండుసార్లు దేశం దాటాను, ఒకసారి నేపాల్ 16 రోజులు, ఒకసారి శ్రీలంక 12 రోజులు, రెండుసార్లూ మా వదిన తోడు. నేపాల్‌కి ఇద్దరికీ రైలు, బస్సు, గది, తిండి అన్నీ కలిపి 28 వేలు దాటలేదు. డబ్బుల సంగతి ముందే చెప్తున్నా ఎందుకంటే మీ పేజీలో ఎప్పుడూ ఒకటే రకం లెక్క ఉంటుంది, ఇలాంటి లెక్క కూడా ఉంటుందని ఆ హుక్కుల పిల్లకి తెలియాలి.

పాలు ఎందుకు మానేశాను అని అందరూ అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తాను. మా పక్కింటి వాళ్ళ జెర్సీ ఆవు ఈనింది, మగదూడ. ఆడదైతే పెయ్యి అని ముద్దు చేసేవాళ్ళు, మగది కాబట్టి దాన్ని వేరే రాటకి, తల్లికి అందనంత దూరంలో కట్టారు. తల్లి ఇటు నుంచి, అది అటు నుంచి రాత్రంతా అరుచుకోవడమే. మూడోనాడు ఆ రాట ఖాళీగా ఉంది. అడిగితే "ఎవులికో ఇచ్చేశాం" అన్నారు, ఎవరికని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఆ పొద్దున స్టవ్ మీద పాలు పొంగుతుంటే దించలేకపోయాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చినవాళ్ళే, పాల వ్యాపారమే అలా నడుస్తుంది, మగదూడని మేపితే వాళ్ళకి నష్టం. అప్పట్నించి మానేశాను. మా అత్త మొదట "ఏటి, షుగరేటి నీకు" అని అడిగింది, తర్వాత ఆవిడే నాకోసం బెల్లం డికాక్షను విడిగా తీసి పెట్టేది. పట్టుకి పురుగులు చస్తాయని తెలిసినా నా పనిలో పట్టు జాకెట్లు కుట్టక తప్పదు, పొట్టకూటి పని కాబట్టి అది మాత్రం మానలేకపోయాను, ఆ సంగతి కూడా దాచడం లేదు.

మీ పేపర్లో వీగన్ అని ఎప్పుడు వచ్చినా బాదం పాలు, ఏదో సోయా చీజు, హైదరాబాద్ కెఫె ఫోటో వేస్తారు. చదివినవాళ్ళు అది డబ్బున్నోళ్ళ పిచ్చి అనుకుంటారు. మా వంటింట్లో చూడండి. చోడంబలి, అంటే రాగి అంబలి, మజ్జిగ వెయ్యకుండా ఉల్లిపాయ నంజుకుని తాగితే వీగనే. తరవాణి అన్నం వీగనే, వేసవిలో ఒడియా వాళ్ళు పఖాళో అని తినేదీ దాదాపు అదే. ఆవపెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, నువ్వుల పొడి, గోంగూర, చింతచిగురు పప్పు, సామల అన్నం, పోపు నూనెతో పెడితే ఒడియా వాళ్ళ పప్పుకూర దాల్మా, వీటిల్లో దేనికీ పాలు అక్కర్లేదు. నెయ్యి పైన వేసేదే, లోపలిది కాదు. కొనాల్సింది ఒక్కటే, బి12 బిళ్ళ, అది మొక్కల తిండిలో దొరకదు కాబట్టి తప్పకుండా వేసుకోవాలి, ఇది మాత్రం మానేద్దామనుకునే వాళ్ళందరికీ గట్టిగా చెప్తాను.

ఇక నేపాల్. సంక్రాంతికి కుట్టాల్సినవన్నీ కుట్టి ఇచ్చేశాక పుష్యమాసంలో పెళ్ళిళ్ళుండవు, మాకు పని తక్కువ, ఆ సందులో బయల్దేరాం. పలాసలో రైలెక్కి హౌరా, అక్కడ బండి మారి గోరఖ్‌పూర్, అక్కడ్నించి బస్సులో సోనౌలీ, గేటు దాటితే నేపాల్. మనవాళ్ళకి వీసా లేదు, ఓటరు కార్డు చాలు. ఒక మన రూపాయికి వాళ్ళవి 1.60 వస్తాయి, గడియారం మనకంటే 15 నిమిషాలు ముందు. చెప్పినంత సులువుగా అయితే చేరలేదు, జనవరి పొగమంచుకి బండి దారిలో ఆగి ఆగి పదకొండు గంటలు లేటు, గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద మా వదిన రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చుని "వదినా, ఇంతకీ అక్కడేటుందని ఎల్తన్నాం" అని అడిగింది. లుంబిని అన్నాను, బుద్ధుడు పుట్టిన చోటు. ప్యాకేజీ వాళ్ళు లుంబినికి రెండు గంటలు ఇస్తారు, బస్సు దిగడం, గుడి చుట్టడం, ఫోటో, మళ్ళీ బస్సు. మేం ఎనిమిది రోజులు ఉన్నాం.

ఎనిమిది రోజులు ఏం చేశారు అంటారు. మొదటి రెండు రోజులు మంచులో ఏమీ కనపడలేదు, సైకిళ్ళు అద్దెకి తీసుకుని తొక్కడమే. అక్కడ ఒక పెద్ద తోటలో మధ్యలో కాలవ, దానికి అటొక వరస ఇటొక వరస రకరకాల దేశాల మఠాలు, బర్మా వాళ్ళది, థాయిలాండ్ వాళ్ళది, చైనా వాళ్ళది. కొరియా వాళ్ళ మఠంలో యాత్రికులకి తక్కువ డబ్బులకే గది ఇచ్చి మూడు పూటలా శాకాహారం పెడతారు, నేల మీద పరుపు, వేడినీళ్ళు అడిగితే ఇస్తారు, అన్నం, ఆకుకూరలు, ఎర్రటి పచ్చడిలా ఉండే కిమ్చీ. మూడోరోజు పొద్దున సైకిల్ మీద పొలాల వైపు వెళ్తే మంచులోంచి ముందు అరుపు వినపడింది, శంఖం ఊదినట్టు. ఆగాం. కాసేపటికి మంచు కొంచెం పల్చబడి రెండు సారస్ కొంగలు కనపడ్డాయి, మనిషంత ఎత్తు, బూడిద రంగు ఒళ్ళు, ఎర్రటి తల, గోధుమ చేలో మెల్లగా అడుగులేసుకుంటూ పోతున్నాయి. వాటికి మేమంటే లెక్కలేదు. పొలంలో పనిచేసే ఆవిడ మమ్మల్ని చూసి నవ్వి, అవి రోజూ ఈ వేళకే వస్తాయని సైగ చేసింది. మర్నాడు వెళ్తే వచ్చాయి. ఆ మర్నాడూ వచ్చాయి. రెండు గంటల్లో వెళ్ళిపోయే వాళ్ళకి అవి రోజూ వస్తాయన్న సంగతి ఎలా తెలుస్తుంది చెప్పండి.

తిండికి అక్కడ నేను ఇబ్బంది పడలేదు. దాల్ భాత్ అని అన్నం, పప్పు, కూర, పచ్చడి, ఒకసారి డబ్బులిస్తే మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు. వాళ్ళు ప్రేమకొద్దీ నెయ్యి వేస్తారు కాబట్టి ముందే "ఘియూ నహాల్నుస్" అనాలి, అంటే నెయ్యి వెయ్యకండి అని. పాలు లేని టీ కావాలంటే "కాలో చియా". తర్వాత కొండ మీద పాల్పా తాన్సేన్ అనే ఊరికి వెళ్ళాం, ఢాకా అనే నేత బట్టకి పేరు, నాకు బట్టల ఊరంటే చాలు. అక్కడ ఒక చిన్న ఇంటి హోటల్లో ఢిండో తిన్నాం, "కోదో"తో చేస్తాం అంది ఆ అమ్మ. ఏంటా కోదో అని డబ్బా తీసి చూపించమంటే, మా చోళ్ళు. అవే చోళ్ళు, అదే పిండి, అదే నల్లటి ముద్ద, వేలితో తుంచి పులుసులో ముంచి నమలకుండా మింగడం. పక్కన గుండ్రుక్ అని పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూరల చారు. మా వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అది కారానికో మరి దేనికో నేను అడగలేదు. ఆ అమ్మకి మా చోడంబలి సంగతి హిందీలో చెప్తే, ఉల్లిపాయతోనా అని ఆవిడే అడిగింది.

శ్రీలంకకి అదే ఏడాది భాద్రపదంలో వెళ్ళాం, అదీ పెళ్ళిళ్ళు లేని నెలే. నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గర కాంకేసన్‌తురైకి ఫెర్రీ 2023 అక్టోబరులో మొదలై మధ్యలో ఆగి 2024 ఆగస్టులో మళ్ళీ నడిచింది, దాని మీద వెళ్ళాం, సముద్రం మీద నాలుగు గంటలు. దీనికి పాస్‌పోర్టు, వీసా కావాలి, టికెట్టు కొనే ముందు బండి నడుస్తోందో లేదో చూసుకోవాలి, వాతావరణాన్ని బట్టి ఆపేస్తుంటారు. అక్కడ నాకు ఒక పొరపాటు జరిగింది. అనురాధపురం వెళ్ళే దారిలో ఒక రోడ్డుపక్క హోటల్లో కొబ్బరి పచ్చడి వేశారు, ఎర్రగా, నిమ్మకాయ పిండి, ఎంత బావుందో, రెండుసార్లు వేయించుకుని తిన్నాను. మర్నాడు మేం దిగిన ఇంటి ఆవిడ వంటింట్లో అదే పచ్చడి నూరుతుంటే చూశాను, కొబ్బరిలో ఏవో చెక్క ముక్కల్లాంటివి వేసి దంచుతోంది. అడిగితే ఉంబలకడ అంది, ఎండబెట్టిన చేప. ఆ రోజంతా నాకు మనసు బాలేదు. హోటలాయన్ని అనేదేం లేదు, కూర శాకాహారమేనా అని అడిగాను గానీ పచ్చడి గురించి నేను అడగలేదు. అక్కడ వాళ్ళకి అది మనకి ఇంగువలాంటిది, చేప లెక్కలోకే రాదు. అప్పట్నించి "ఉంబలకడ ఎపా" అని ముందే చెప్పేదాన్ని, ఎపా అంటే వద్దు. ఇంకోటి, "కిరి ఎపా" అంటే పాలు వద్దనే గానీ, కిరి అంటే కొబ్బరిపాలు కూడా కాబట్టి ఉత్త చారు పెట్టేస్తారు, "ఎలకిరి ఎపా" అనాలి, అది ఆవుపాలు. ఇలాంటి రెండు మాటలు మీరు పేజీలో వేస్తే ఎంతమందికి పనికొస్తాయి. నేను ఆ పచ్చడి తిన్నాక తెలుసుకున్నాను, ఇంకొకరు తినకముందే తెలుసుకుంటారు కదా.

చేప సంగతి పక్కన పెడితే వీగన్‌కి ఆ దేశం పుట్టిల్లే. లేత పనసకాయ కూరని పొలోస్ అంటారు, మన పనసపొట్టు కూరకి అక్క. పొద్దున్నే కొల కెంద అని పచ్చటి గంజి, బియ్యం, కొబ్బరిపాలు, సరస్వతి ఆకు రసం, పక్కన ఒక బెల్లం ముక్క కొరుక్కుంటూ తాగాలి. ఆ బెల్లం నల్లగా, పొగ వాసనతో ఉంటే ఏం చెట్టుదని అడిగాను. కితుల్ అన్నారు. చెట్టు చూపించారు. చూస్తే మా కొండల్లో సవర గిరిజనులు కల్లు గీసే జీలుగు చెట్టు. నలభై ఏళ్ళ నుంచి జీలుగు చెట్లు చూస్తున్నాను, దానికి బెల్లం అవుతుందని సముద్రం దాటాక తెలిసింది.

అనురాధపురంలో ఆరు రోజులు. అక్కడి బోధి చెట్టుని అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిందని వాళ్ళ నమ్మకం, దగ్గర్లో మిహింతలే కొండ మీద అశోకుడి కొడుకు మహిందుడు, లేడిని వేటాడుతున్న రాజుని ఆపి మాట్లాడాడని చెప్తారు. లుంబినిలో కూడా అశోకుడి స్తంభం ఉంది, పట్టాభిషేకమైన ఇరవై ఏళ్ళకి స్వయంగా వచ్చి మొక్కానని, ఈ ఊరికి పన్ను తగ్గించానని చెక్కించాడు. రెండు దేశాల్లో ఆయనే ఎదురయ్యేసరికి మా వదిన, "అన్నీ బయటే పెట్టాడేటి, మనోళ్ళతోనే కదా యుద్ధం సేశాడు, మనకాడ ఏటీ రాయలేదా" అంది. కళింగ అంటే మేమే కదండీ. ఇంటికొచ్చి లైబ్రరీలో పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, రాశాడు. భువనేశ్వర్ దగ్గర ధౌళి అందరికీ తెలిసిందే, ఇంకోటి గంజాం జిల్లాలో, బరంపురానికి ముప్పై అయిదు కిలోమీటర్ల చిల్లర దూరంలో, పురుషోత్తంపూర్ దగ్గర జౌగడలో. నా పెళ్ళి బట్టలు బరంపురంలోనే కొన్నారు. ఎన్నిసార్లు వెళ్ళానో ఆ ఊరికి. ఒక్కసారీ ఎవరూ చెప్పలేదు.

ఒక ఆదివారం తెల్లారుజాము బస్సుకి బరంపురం, అక్కడ బస్సు మారి పురుషోత్తంపూర్, మిగతాది ఆటో. అడ్డాకులో పులిహోర కట్టుకెళ్ళాం. రుషికుల్య ఒడ్డున పొలాల మధ్యలో, చెరువు గట్టులా చుట్టూ మట్టికట్ట ఉంటుంది, అది పాత కోటగోడ. లోపల ఒక పెద్ద బండ, దాని మీద కప్పు వేశారు. బండ ఒక పక్క చదును చేసి బ్రాహ్మీ అక్షరాలు చెక్కారు, కొన్ని చోట్ల పెచ్చులూడిపోయాయి. మేం తప్ప ఎవరూ లేరు, మేకలు మేపుకునే ఇద్దరు గుంటలు వచ్చి మా పులిహోర తిని పోయారు. నాకు ఆ లిపి రాదు, అర్థం ముందే ఓ నోటుబుక్కులో రాసుకుని తీసుకెళ్ళాను, అక్కడ కూర్చుని మా వదినకి చదివాను. మొదటి శాసనంలో ఏముందో చెప్పనా. పూర్వం రాజుగారి వంటశాలలో రోజూ కూర కోసం లక్షల ప్రాణుల్ని చంపేవారు, ఈ శాసనం రాసేటప్పటికి మూడే చంపుతున్నారు, రెండు నెమళ్ళు, ఒక లేడి, ఆ లేడి కూడా ప్రతిరోజూ కాదు, ముందు ముందు ఈ మూడూ చంపరు. రెండో దాంట్లో మనుషులకీ పశువులకీ కూడా వైద్యం ఏర్పాటు చేశానని, దారుల పక్కన చెట్లు నాటించి బావులు తవ్వించానని ఉంది. 2,200 ఏళ్ళు దాటింది, ఒక రాజు తన వంటింటి లెక్క రాయి మీద వేయించి. పాల మాట ఆయన ఎత్తలేదు, అది నేను కలపను. కానీ కూర కోసం అన్న ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా వదిన మాత్రం, "ఆయనా ఒకేసారి మానలేదన్నమాట, మూడుంచుకున్నాడు" అంది. మా వదిన పెరుగు తింటుంది. ఇప్పటికీ తింటుంది. నేనేమీ అనను, పొద్దున టీ మాత్రం నాతో పాటు బెల్లం డికాక్షనే తాగుతోంది.

ఇంకో సంగతి, ఇది నన్ను బాగా కదిలించింది. యుద్ధంలో ఇంతమంది పోయారు, నాకు బాధేసింది అని అశోకుడు చెప్పుకున్న పదమూడో శాసనం మిగతా చోట్ల ఉంది, జౌగడలోనూ ధౌళిలోనూ లేదు. యుద్ధం జరిగిన వాళ్ళ దగ్గర ఆ మాట రాయించలేదు, బదులుగా అధికార్లకి రెండు ఆజ్ఞలు విడిగా చెక్కించాడు, ప్రజలందరూ నా పిల్లలు, వాళ్ళని న్యాయంగా చూడండి అని. మా తాతల ఊరికి రాసిన ఉత్తరం అది. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం, చివరి బస్సు తప్పితే బరంపురంలో తెలిసిన వాళ్ళింట్లో పడుకుని పొద్దున్నే వచ్చాం. ఇద్దరికీ రానూపోనూ వెయ్యి రూపాయలు కాలేదు.

అప్పట్నించి నెలకో ఆదివారం ఇలా దగ్గర్లోనే వెళ్తున్నాం. మా జిల్లాలోనే చంద్రగిరి ఉంది, 1963 నుంచి టిబెట్ వాళ్ళు ఉంటున్నారు, జీరంగ్‌లో పెద్ద బౌద్ధ మఠం, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. కూరగాయల మోమో, ఆవిరి మీద ఉడికించిన రొట్టె దొరుకుతాయి, పిండిలో పాలు కలిపారా అని అడిగితే విసుక్కోకుండా చెప్తారు. మహేంద్రగిరి, 1,501 మీటర్లు, రోజూ మేడ మీంచి కనపడే వరస. గండాహతి జలపాతం. అన్నీ వివరంగా రాయను గానీ సంత సంగతి ఒక్కటి చెప్పాలి.

కొండల మీంచి సవర ఆడవాళ్ళు అడ్డాకులు, కొండచీపుర్లు, చింతపండు, అనాస పళ్ళు తెచ్చి అమ్ముతారు. నేను పుట్టినప్పట్నించి వాళ్ళ దగ్గర కొంటున్నాను, ఒక్కరోజూ పక్కన కూర్చోలేదు. నేపాల్ నుంచి వచ్చాక ఒక రోజు కూర్చున్నాను. ఒక ముసలావిడ విస్తరి కుడుతోంది. రెండు ఆకులు అంచు మీద అంచు పెట్టి, సన్నటి వెదురు పుల్ల కిందనుంచి దూర్చి, పైకి తీసి, మళ్ళీ వేలెడు దూరంలో దించి, గోటితో పుటుక్కున తుంచేసింది. దారం లేదు, ముడి లేదు, నీళ్ళ పప్పు పోసినా కారదు. ముప్పై ఏళ్ళుగా కుడుతున్నాను, నాకు ఆ కుట్టు రాదు. మూడు ఆకులు చింపాక నాలుగోది కుదిరింది, ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తన కట్టలో కలిపేసింది. ఇంతకంటే మెప్పు నాకు దుకాణంలో ఎప్పుడూ రాలేదు. నీళ్ళకి, ఆకుకి, కుట్టడానికి వాళ్ళ భాషలో ఏమంటారో అడిగి నేర్చుకున్నాను.

మా ఊళ్ళో ఇలా నేర్చుకున్న పెద్దాయన ముందే ఒకరున్నారు కదండీ. గిడుగు రామమూర్తి పంతులు గారు. ఇక్కడ బడిపంతులుగా ఉంటూ సవరల మాట నేర్చుకుని, వాళ్ళ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు గానీ ఆయన పెద్ద ప్రయాణం ఓడ ఎక్కి చేసింది కాదు, ఈ కొండల దాకా చేసిందే. ఆగస్టు 29న మీరు ఏటా ఆయన ఫోటో వేస్తారు, వ్యావహారిక భాష గురించి రాస్తారు, ఈసారి ఈ సంగతి కూడా రాయండి.

ఇప్పుడు నేను అడిగేది. ఫారిన్ పేజీ తీసెయ్యమని అనడం లేదు, దాన్ని నేనే ముందు చదువుతాను. ఒక పావు పేజీ ఇవ్వండి. అందులో ఇచ్ఛాపురం నుంచి సాలూరు దాకా, ఇటు బరంపురం, రాయగడ, గుణుపురం వాళ్ళకి కూడా, వంద రూపాయల టికెట్టులో వెళ్ళొచ్చే చోటు వారానికొకటి రాయండి, ఏ బస్సు, ఎన్నింటికి, తిరుగు బస్సు ఎన్నింటికి, అక్కడ ఏం దొరుకుతుంది, ఆడవాళ్ళు వెళ్తే బాత్రూం ఎక్కడుంది, ఇవి రాయండి. చెట్టు ఫోటో, సూర్యాస్తమయం ఫోటో ఉంటే సరే, లేకపోయినా మేం ఏమీ అనుకోం. పక్క దేశాల గురించి రాసినప్పుడు రైలు దారి, ఓటరు కార్డు చాలా పాస్‌పోర్టు కావాలా, రోజుకి అసలెంత అవుతుంది, ఏ వంటలో నెయ్యి పడుతుంది దేన్లో ఎండుచేప పడుతుంది, వద్దని చెప్పాలంటే వాళ్ళ భాషలో ఏమనాలి, ఇవి రాయండి. పాలు పడనివాళ్ళు, మానేసినవాళ్ళు, జైనులు, ఉపవాసాలవాళ్ళు ఎంతమందో ఉన్నారు, అందరికీ పనికొస్తుంది. రాసేవాళ్ళు కావాలంటే మా దుకాణానికి వచ్చే ఆడవాళ్ళల్లోనే నలుగురున్నారు, డబ్బులు అక్కర్లేదు, పేరు వేస్తే చాలంటున్నారు.

ముందుగా ఒక చిన్న పని అయినా చెయ్యండి. నౌపడ నుంచి గుణుపురం రైలు మా పర్లాకిమిడి మహారాజులు వేయించిన లైను, 1900లో మా ఊరి దాకా, 1931లో గుణుపురం దాకా, చిన్న బండి, అది తీసేసి పెద్ద లైను వేసి 2011లో మళ్ళీ నడిపారు. టెక్కలి, టెంబూరు, పాతపట్నం, కాశీనగర్, వంశధార ఒడ్డు, ఆ దారి ఎంత బావుంటుందో కిటికీ పక్కన కూర్చుంటే తెలుస్తుంది. ఆ బండి టైములు మా దుకాణంలో ఎవరికీ సరిగ్గా తెలీవు, ఒకరు ఒకటి చెప్తారు ఇంకొకరు ఇంకోటి చెప్తారు. మీ జిల్లా పేజీలో ఓ మూల ఆ టైములు వెయ్యండి. హుక్కుల పిల్ల ఇంతవరకూ రైలెక్కలేదు, వచ్చే నెల మొదటి ఆదివారం దాన్ని గుణుపురం తీసుకెళ్తానని మాటిచ్చాను, మీరు వేస్తే కత్తిరించి మిషను ఎదురుగా గోడకి అంటిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా